గుర్రాలు కట్టని రాయి

చామనపేట పడుగు బజారును రెండు ఆఫీసులు చెరొక వైపు పట్టి లాగుతుండగా పోయినసారి ఆగాము. అప్పుడు చదవనివాళ్లకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సు చామనపేటలో ఆగుతుంది. ఊరు పెద్దదేమీ కాదు. ఈ మధ్యనే మున్సిపాలిటీ అయింది. బజార్లన్నీ వంకర. ఒక్కటి మాత్రం సూటిగా, వెడల్పుగా ఉంటుంది. మగ్గం ఎక్కే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, బారుగా సాగదీసి గంజి పెట్టాలి. అందుకే తాతలు ఆ బజారును సూటిగా వదిలి, రెండు కొసలా రెండు రాళ్లు పాతి, తాడు కట్టడానికి వాటి మొదట్లో బొక్కలు తొలిచారు. పడుగు సాగదీసే బజారు కాబట్టి పడుగు బజారు.

నిజాం కాలంలో ఎవరో మున్షీ ఈ పేరు విని తనకు తెలిసిన మాటను సర్కారు లెక్కల్లో రాసుకున్నాడు. పడావ్ అని. చిక్కు అక్కడ మొదలైంది. కొత్త మున్సిపాలిటీకి ప్లాను గీసినవాళ్లు దాన్ని మన మాట అనుకున్నారు. పడావు అంటే దున్నకుండా వదిలేసిన భూమి. ఖాళీ జాగ కదా అని కాగితం మీద దానికి నీలం రంగు పూశారు. నీలం అంటే దుకాణాలు. హైదరాబాదులో పాత కట్టడాలను చూసుకునే ఆఫీసు అదే మాటను ఉర్దూ అనుకుంది. పడావ్ అంటే దండు దిగిన చోటు.

చేనేత సంఘం పెద్ద జలపతి ఈ రెండో తప్పును దొరకబుచ్చుకున్నాడు. దుకాణాలు ఆపాలని హైదరాబాదు సారును బజారంతా తిప్పి, పడుగు కట్టే రాళ్లు చూపించి, నిజాం దండు గుర్రాలను వీటికే కట్టేసేదని చెప్పాడు. సారు మురిసిపోయాడు. దుకాణాలు ఆగాయి. వెనకాలే ఆర్డరు వచ్చింది. ఆ రాళ్లకు ఇక ఎవరూ తాడు కట్టరాదు.

మరొకటి. సంఘం గోడ మీద ఎవరో ఎర్ర రంగుతో ‘పడుగు బజారు నేతగాళ్లదే’ అని రాసిపోయారు. అడవిలోని అన్నలు రాశారని అందరూ అన్నారు. పోలీసులు గోడకు సున్నం కొట్టి, సంఘం పెద్ద కాబట్టి జలపతిని పట్టుకపోయారు. తిరిగి వచ్చాక జలపతి వెల్లకిలా పడుకోలేదు చాలా రోజులు. సున్నం పలుచగా కొట్టారు. అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. బజారులో మాత్రం అందరూ పడుగు అన్న మాట పలకడమే మానేశారు.

ఇక ఇది దండు దిగిన పాత చోటని బోర్డు పాతే రోజు వచ్చింది.

* * *

సాయవ్వకు మగ్గం లేదు. మొగడు పోయాక మగ్గం మరిది జలపతి ఇంటికి చేరింది. ఆమెకు మిగిలింది గంజి కుంచె, ఈ బజారు. పవర్‌లూముల నూలుకు మిల్లులో గంజి పడుతుంది. ఊళ్లో ఇంకా చేతి మగ్గాలు ఆడే ఇండ్లకు ఈ బజారే మిల్లు, సాయవ్వే మిల్లు. బజారు పోతే ఆమె చేయగలిగిన పని భూమ్మీద ఇంకొకటి లేదు.

ఆ పొద్దున ఆమె నేతగాడు ఓదెలు ఇంటి పడుగును సాగదీసింది. సర్కారు ధోతుల నూలు. సిరిసిల్ల నుంచి ఇదిగో అదిగో అని ఆలస్యమై ఇప్పుడు చేతికి వచ్చింది. రెండు రాళ్లకూ తాళ్లు కట్టి, నడుమ కత్తెర కర్రలు నిలబెట్టి, నడుము ఎత్తున పోగులు పరిచి, అంబలి లాంటి గంజి పూశారు. ఒక పక్క సాయవ్వ, ఇంకో పక్క ఎల్లవ్వ. ఇద్దరి చేతుల్లో మూరెడు కుంచెలు.

‘‘మెల్లగ గుంజు ఎల్లవ్వా. నీ పెనిమిటి నెత్తి దువ్వుతున్ననుకున్నవా?’’

‘‘ఆయన నెత్తి మీద దువ్వెటందుకు ఏమున్నదక్కా! గంతకంటె గీ ప...’’ ఎల్లవ్వ నాలుక కరుచుకుంది. సంఘం గోడ వైపు చూసింది. ‘‘గీ పోగులే నయం. గిన్నన్న ఉన్నయి.’’

‘‘అనరాదె. మన ఇంట్ల పుట్టిన మాటే గద.’’

‘‘నువ్వే అను. నాకు పిల్లలున్నరు.’’

సాయవ్వకు అక్షరాలు రావు. కానీ గోడ మీద మొదటి మాట ఏదో తెలుసు. రాసిన తెల్లారి ఓదెలు చదివి చెప్పాడు. చెప్పిన తరువాత తను చదవలేదని అందరి దగ్గరా ఒట్టు పెట్టించుకున్నాడు.

గంజి పెట్టిన పడుగు దగ్గర ఆగడం ఉండదు. కుంచె ఆగితే పోగు పక్క పోగుకు అంటుకుంటుంది. అంటుకొని ఆరితే విడదీయలేరు. విడదీస్తే తెగుతుంది. తడి ఆరేదాకా ఆ కొస నుంచి ఈ కొసకు దువ్వుతూ నడవాలి. మాట్లాడినా నడుస్తూనే మాట్లాడాలి.

జలపతి ఆవలి వైపు నుంచి ఉరికి వచ్చాడు. వచ్చి రాయి వెనక నుంచి చుట్టు తిరిగి ఇవతలికి చేరాడు. పడుగు మీదుగా ఎవరూ కాలు ఎత్తరు. తొందరలో ఉన్నా, కోపంలో ఉన్నా, వంగి కిందినుంచి పోవాలి, లేకుంటే రాయి వెనక నుంచి తిరగాలి. ఆ బజారులో కుక్కలకు కూడా అది అలవాటైంది.

‘‘వదినె, నీ కాళ్ళు మొక్కుత. ఇయ్యాల వద్దంటి గద!’’

‘‘మొక్కుడెందుకు మరిదీ. ఎట్లాగు వంగినవు, గా కర్ర జర సక్కగ నిలబెట్టు.’’

‘‘జీపులు కథలాపూర్ దాటినయట. బోర్డు తెస్తున్నరు. రాయికి తాడు జూసిండ్రంటె...’’

‘‘జూస్తె ఏమైతది? గుర్రాలు బెదురుతయా?’’

పడుగు ఆవల ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

‘‘నవ్వుండ్రి,’’ అన్నాడు జలపతి. ‘‘రేపు దుకాణాలు లేస్తుంటె గప్పుడు సుత నవ్వుండ్రి. విఠల్ సేటు ఎన్నడో తనకు గావాల్సిన దుకాణం కాడ ముగ్గుపిండితోటి గీత కొట్టుకున్నడు. ఎవలింటి ముందటనో ఎరుకేనా? నీ ఇంటి ముందటనే.’’

‘‘గందుకని నువ్వు గుర్రాలను తోలుకచ్చి నా రాయికి కట్టేసినవు.’’

‘‘కట్టేసిన. దుకాణాలు ఆగినయా లేదా?’’

‘‘ఆగినయి. నేను సుత ఆగిన. రేపటి నుంచి గంజి ఏడ పెట్టాలె? నీ గుర్రాల వీపు మీదనా?’’

జలపతి ఆమె వెంట నడిచాడు. ఆమె నడక ఆపడం లేదు కనుక అతనూ ఆ కొసకు పోయి ఈ కొసకు రావలసి వచ్చింది.

‘‘జాగైతే మిగులుతది గద వదినె.’’

‘‘మిగిలిన జాగను ఏం జేసుకోవాలె? పొద్దున లేచి దండం బెట్టుకోవాల్నా?’’

‘‘జాగ ఉంటే ఎన్నడన్న ఆర్డరు మారుతది. ఇండ్లు కూలినంక ఏం మారుతది?’’

‘‘దీని పేరు దీనికి చెప్తె అయిపోవు. ఉన్న పేరు వదిలిపెట్టి లేని గుర్రాలెందుకు? ఇది పడు...’’

‘‘వదినె!’’ అతని గొంతు చీలింది. గోడ వైపు చూడకుండానే మెడ ఆ వైపు తిరిగింది. ‘‘గా మాటనకు. నా వీపు ఇంక మానలే.’’

సాయవ్వ కుంచె ఒక్క క్షణం తడబడింది. మళ్లీ సాగింది. ఆమెకు కోపం వచ్చిన మనిషి మీద జాలి కూడా పడవలసి రావడం ఆమెకు నచ్చలేదు.

* * *

రెండు జీపులు వచ్చాయి. బజారు మొదట్లో ఆగాయి, పడుగు అడ్డం ఉంది కాబట్టి. మొదటి దాంట్లోంచి హైదరాబాదు సారు, మున్సిపాలిటీ ప్లాను సారు వెంకటేశం దిగారు. రెండో దాంట్లోంచి ఎస్సై, కానిస్టేబుళ్లు. పోలీసులు లేకుండా ఈ వైపు ఊళ్లకు రాలేనని సారు చెప్పాడట. బోర్డును గోనెపట్టాలో చుట్టి దించారు.

ఎస్సై పోయి సంఘం గోడ నీడలో నిలబడ్డాడు. కానిస్టేబుళ్లు అతని వెంట పోయారు. అందులో ఒకడు మిగతా వాళ్లలా అడ్డదారిన పోకుండా రాయి వెనక నుంచి తిరిగి పోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. సాయవ్వ చూసింది.

హైదరాబాదు సారు మంచివాడు. అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకొని ఊరుకోవచ్చు.

‘‘అయ్యో, ఏం పని ఇది అమ్మా? ఆ రాయికి తాడు కట్టారా?’’

‘‘మరి దేనికి కట్టాలె సారూ?’’

‘‘అది ఎంత పాత రాయో తెలుసా మీకు?’’

‘‘ఎరుకే. మా మామ తండ్రి పాతిండట.’’

సారు కళ్లు మెరిశాయి. ‘‘మీ మామగారి తండ్రి దండులో ఉండేవాడా?’’

‘‘దండుల గాదు సారూ, మగ్గం మీద...’’

‘‘దండుకు బట్టలు నేసేటోడు సారూ,’’ జలపతి నడుమ దూరాడు. ‘‘దండుకే.’’

సారు రాసుకున్నాడు. సాయవ్వ ఆ కొసకు నడిచింది.

ఆమె తిరిగి వచ్చేసరికి సారుకూ వెంకటేశానికీ మాట పెరిగింది. వెంకటేశం కోరుట్ల మనిషి. చంకలో చుట్టిన ప్లాను కిందికి దించడు.

‘‘సార్, ఏమనుకోకుండ్రి. దండు దిగిందని మీరంటున్నరు. మా ప్లానుల అట్ల లేదు. ఇది పడావు.’’

‘‘అదే కదండీ నేనూ చెబుతున్నది. పడావ్.’’

‘‘పడావ్ కాదు సార్, పడావు!’’

‘‘నేనేమన్నాను? పడావ్ అన్నాను.’’

‘‘మీరు గుర్రాలున్న పడావ్ అంటున్నరు. నేను ఏమీ లేని పడావు అంటున్న.’’

ఇద్దరూ ఒకే మాట అంటూ ఒకరినొకరు కాదంటున్నారు. వాళ్లిద్దరి కాళ్ల ముందు తడి పడుగు ఎండలోకి వస్తూ ఉంది. అది అక్కడ ఉందని ఇద్దరిలో ఎవరికీ తోచడం లేదు. సాయవ్వ రెండుసార్లు దగ్గింది. మూడోసారి కుంచెతో వెంకటేశం ప్యాంటు మీద గంజి చిలికింది. అతను దులుపుకొని ఇంకా గట్టిగా మాట్లాడాడు.

‘‘ఆపండి,’’ అన్నాడు సారు చివరికి. ‘‘మీరూ నేనూ కొట్లాడుకోవడం ఎందుకు? పంచనామాలో ఈ చోటుకు ఊరివాళ్లు పిలిచే పేరు రాయాలి. ఆ పేరు మీదే ఆర్డరు ఖాయమవుతుంది. దండు దిగిన చోటయితే బోర్డు. బీడయితే మీ దుకాణాలు. వాళ్లనే అడుగుదాం.’’ అతను గడపల్లో నిలబడ్డ జనం వైపు తిరిగాడు. ‘‘దీన్ని మీరు ఏమని పిలుస్తారు?’’

గడపల్లోని కళ్లన్నీ సంఘం గోడ వైపు పోయి వెనక్కి వచ్చాయి.

గోడ నీడలో ఎస్సై సిగరెట్టు ముట్టించాడు. అతని భుజం వెనక సున్నం కింద ఎరుపు లేత గులాబీగా కనిపిస్తున్నది.

‘‘చెప్పండి,’’ అన్నాడు ఎస్సై. ‘‘సారు అడుగుతున్నారు కదా. నేనూ వింటాను.’’

ఓదెలు ముందు వరుసలో దొరికిపోయాడు. ఎండలోకి వస్తున్న పడుగు అతనిదే కాబట్టి తలుపు చాటుకు పోలేకపోయాడు.

‘‘బజారంటరు సారూ.’’

‘‘ఏ బజారు?’’

‘‘గీ బజారే.’’

‘‘పేరు ఉంటుంది కదా పెద్దయ్యా?’’

‘‘పేరు పెట్టి పిలిచేటంత పని పడలే సారూ. ఎవలన్న అడిగితె గిటు రమ్మంటం, అస్తరు.’’

పక్క గడపలోని నాగవ్వను అడిగారు. ‘‘నేను కోడల్ని సారూ. మాది సారంగాపూర్. నాకేమెరుక!’’

‘‘వచ్చి ఎన్నాళ్లయిందమ్మా?’’

‘‘మొన్ననే మనుమని పెండ్లి జేసినం సారూ.’’

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. సారు ఒక్కొక్కరి ముఖం చూస్తూ పోయాడు. ఒకడు మా వాడ అన్నాడు. ఒకడు సంఘం తొవ్వ అన్నాడు. ఒకామె ఏకంగా, దీనికింక పేరు పెట్టలేదు సారూ, మీరే మంచి పేరొకటి పెట్టుండ్రి అంది. పుట్టి పెరిగిన బజారు పేరు ఎవరికీ గుర్తు రావడం లేదు. సాయవ్వ దువ్వుకుంటూ ఇదంతా విన్నది. ఆమె గొంతులో ఆ మాట మెతుకు అడ్డం పడ్డట్టు ఉంది. పైకి రాదు, కిందికి పోదు. అది చిన్నప్పటి నుంచి రోజుకు ఎన్నిసార్లు అన్న మాటో! నీళ్లకు పోయినా అన్నది, సంతకు పోయినా అన్నది. ఇప్పుడు అది అనడానికి ముందూ వెనకా చూసుకోవాలి.

ఎల్లవ్వ భయంతో కుంచె కింద పెట్టేసింది. ఆ పక్క పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవడం మొదలుపెట్టాయి. నడుమ జానెడు మేర అట్ట కట్టింది.

అది చూసి సాయవ్వ ఆగింది.

‘‘నేను చెప్త సారూ.’’

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎస్సై సిగరెట్టు నోట్లోంచి తీశాడు.

‘‘ఆమెకు చెవుడు సారూ!’’ అన్నాడు జలపతి. ‘‘మీరడిగింది ఆమెకు ఇనపడలే. ఆమె మాట పట్టుకోకుండ్రి.’’

‘‘ఎవలికిరా చెవుడు?’’

‘‘చూసిండ్రా సారూ, గిట్లనే అరుస్తది.’’

‘‘నా నోట్ల మాట నన్ను అననియ్యవా జలపతీ? గింతమందిల నన్ను చెవిటిదాన్ని జేస్తవా? మీ అన్న ఉంటె నీ నాలిక గిట్ల తిరుగునా?’’

జలపతి ఆమె పక్కకు వచ్చాడు. కర్ర సర్దుతున్నట్టు వంగి, పోగుల మీదికి మాట్లాడాడు. ‘‘మా అన్న ఉంటె ఆయననే పట్టుకపోయెటోళ్ళు. ఇను వదినె. ఆ ఒక్క మాటంటె నువ్వు జీపెక్కుతవు. ఎల్లవ్వ ఎట్లాగు కుంచె పారేసింది. నువ్వు సుత పోతె గీ పడుగును ఎవలు దువ్వుతరు? ఓదెలు మెడకు ఉరి బెట్టుకోవాలె. ఇగ పోతనంటె పో.’’

అంత దగ్గరగా, అంత మెల్లగా చెప్పాడు కాబట్టి అనకూడని ఆ పడుగు మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికి కూడా తెలియలేదు.

సాయవ్వ పడుగు వైపు చూసింది. అతను అన్నది నిజం. ఈ పనిలో పెద్ద అన్యాయం అదే. తడి పడుగు ముందు ఉన్నప్పుడు మనిషికి పోట్లాడే తీరిక ఉండదు. ఆమె నోటిదాకా వచ్చిన మాటను మింగింది. ఎల్లవ్వ పక్కకు వంగి పోయి, అట్ట కట్టిన చోట గంజి నీళ్లు చల్లి, వేళ్లతో పోగులు విడదీయసాగింది. పళ్లు బిగించి ఉంది. కొన్ని తెగాయి. తెగినవి ముడి వేసింది.

‘‘గుర్రాలున్న పడావే సారూ,’’ అన్నాడు జలపతి గట్టిగా. ‘‘రాసుకోండ్రి. మా సంఘపోళ్లం అందరం వేలిముద్రలేస్తం.’’

‘‘అలా చెప్పండి!’’ సారు ముఖం విచ్చుకుంది. వెంకటేశం ముఖం మాడిపోయింది. ‘‘అన్నట్టు, రాయి మీద గుర్రపు నాడా గుర్తు ఏదో ఉందన్నారు మీరు పోయినసారి?’’

‘‘ఉన్నది సారూ. గా పక్కకు.’’ అది ఎప్పుడో ఎద్దు బండి ఇరుసు కొట్టుకొని పడిన గాటు. అది జలపతికీ తెలుసు, బజారంతటికీ తెలుసు.

సారుకు ఆగలేదు. కాగితాలు చేత్తో పట్టుకొని సూటిగా రాయి వైపు నడిచాడు. అక్కడ తాడు నేల వైపు వాలి, మోకాలి ఎత్తున ఉంటుంది. రాయి వెనక నుంచి తిరిగితే ఇంకో నాలుగు అడుగులు. ఆయన తిరగలేదు. బూటు కాలు ఎత్తాడు.

‘‘సార్! పడుగు సార్! దాటద్దు!’’

బజారంతా బిగుసుకుపోయింది.

అరిచింది సాయవ్వ కాదు. ఎల్లవ్వ కాదు. అరుపు గోడ దగ్గర నుంచి వచ్చింది. కానిస్టేబుల్ రాజమౌళి ఒక చేయి ముందుకు చాచి నిలబడి ఉన్నాడు. రెండో చేత్తో తుపాకి జారిపోకుండా పట్టుకున్నాడు. తన నోట్లోంచి ఏం వచ్చిందో అతనికి అప్పుడప్పుడే తెలుస్తున్నది. రాయి వెనక నుంచి తిరిగి పోయినవాడు అతనే.

సారు ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు.

‘‘ఏమన్నారు?’’

ఎస్సై సిగరెట్టు నేల మీద వేసి తొక్కాడు. తొందర పడలేదు.

‘‘రాజమౌళీ. ఏమన్నావ్?’’

‘‘ఏం లేదు సార్.’’

‘‘అన్నావ్. అందరం విన్నాం.’’

‘‘సారు తొక్కుతరేమోనని సార్...’’

‘‘ఏం తొక్కుతారని?’’

రాజమౌళి చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు.

‘‘ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావ్?’’ ఎస్సై అడిగి, మెల్లగా తల తిప్పి గోడను చూశాడు. గోడ నుంచి రాజమౌళిని చూశాడు.

‘‘ఇంట్ల సార్. మాది మేడిపల్లి దిక్కు. మా అవ్వ గంజి పెట్టెటిది సార్.’’

‘‘ఇగ అయిపాయె!’’ వెంకటేశం ప్లాను చంకలోంచి తీసి అరచేతి మీద కొట్టుకున్నాడు. ‘‘పోలీసాయనే చెప్పిండు. దండు లేదు, గుర్రం లేదు. బోర్డు మల్ల జీపుల ఏసుకోండ్రి సార్. మా నీలం మాకుంది.’’

గడపల్లో గుసగుస లేచింది. ఎవరో ఆడమనిషి అయ్యో అంది. జలపతి అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఇంతకాలం ఒక్క మాట ఎవరి నోటా రాకుండా కాపలా కాశాడు. వచ్చింది. వచ్చిన చోటు నుంచి వస్తుందని అనుకోలేదు.

హైదరాబాదు సారు మాత్రం వెంకటేశం మాట వింటున్నట్టు లేడు. మొదటిసారి వంగి పడుగును చూశాడు. తాడు రాతి బొక్కలోకి పోయే చోట వేలు పెట్టి చూశాడు. ఒరుసుకొని ఒరుసుకొని ఆ అంచు గాజులా నున్నగా అయి ఉంది. ఆయన వేలు తీసి, మళ్లీ పెట్టాడు.

‘‘ఇది గుర్రాలకు కట్టిన రాయి కాదన్నమాట,’’ అన్నాడు. జలపతి వైపు చూశాడు. కోపం లేదు. మోసపోయిన చిన్నతనం ఉంది. ‘‘మరి దీనికి ఏం రాయాలో నాకు తెలియదు. మగ్గం పని చేసే చోటుకు ఇలాంటి బోర్డు ఎవరూ పెట్టలేదు. పెట్టవచ్చో లేదో పై వాళ్లను అడగాలి. అడగాలన్నా ఊరివాళ్లు పిలిచే పేరు నా కాగితం మీద ఉండాలి. ఎవరైనా చెప్పి ముద్ర వేయాలి.’’

‘‘చెప్పు రాజమౌళీ,’’ అన్నాడు ఎస్సై. ‘‘నీ నోటితో వచ్చిందే కదా. నీ పేరు, నీ నంబరు రాసి సంతకం పెట్టు. ఆ గోడ మీది మాటకు సాక్షి ఎవరా అని నేనూ ఇన్నాళ్లూ వెతుకుతున్నాను.’’

రాజమౌళి తుపాకిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

సాయవ్వ ఆ పక్క నుంచి వంగి ఇవతలికి వచ్చింది. కుంచె నుంచి గంజి కారుతూ ఉంది. నేరుగా జలపతి దగ్గరికి పోయింది.

‘‘లే మరిదీ.’’

అతను తల ఎత్తాడు.

‘‘దువ్వెటోళ్ళు లేరంటివి గద. గిది పట్టు. ఆపకు.’’

కుంచె అతని చేతిలో పెట్టింది. జలపతి వద్దనబోయాడు. ఇటు పడుగు ఆరుతూ ఉంది. అతను సాలె ఇంట్లో పుట్టాడు. కుంచె చేతికి రాగానే కాళ్లు వాటంతట అవే లేచాయి, చేయి దానంతట అదే పోగుల మీద పడింది. దువ్వుతూ నడవడం మొదలుపెట్టాడు. ఇక నడుమ ఆపి వెనక్కి రాలేడు. నడుస్తూనే తల తిప్పి, ‘‘వదినె, వద్దు! వదినె!’’ అంటూ ఆ కొస వైపు పోతున్నాడు. ఎల్లవ్వ ముక్కు చీది, తన కుంచె తీసుకొని అతని ఎదురు పక్క నడిచింది.

సాయవ్వ చేతులు కొంగుకు తుడుచుకొని సారు ముందు నిలబడింది. రాజమౌళి వైపు చూడలేదు. అతనికీ ఆమెకూ మధ్య ఏమీ లేనట్టు నిలబడింది.

‘‘గా పిల్లగానికేమెరుక సారూ. ఆయనది మేడిపల్లి. గీ బజారు పేరు నేను చెప్త. నాకు చెవుడు లేదు. రాసుకో.’’

‘‘చెప్పమ్మా.’’

‘‘పడుగు బజారు.’’

ఆ మాట పైకి అనేసరికి ఆమెకు ఊపిరి తేలికైంది. ఏమీ కాలేదు. ఎండ అలాగే ఉంది. ఓదెలు కళ్లు మూసుకున్నాడు.

సారు కాగితం తొడ మీద పెట్టుకొని కలం తీశాడు. ప రాశాడు. డ రాశాడు. కలం ఆగింది. అటు వెంకటేశం పడావు పడావు అని గొణుగుతూనే ఉన్నాడు. సారు తప్పు రాయదలచుకోలేదు. ఒకసారి తప్పు రాసినందుకు ఏమైందో ఇప్పుడే చూశాడు.

‘‘డకు కొమ్మా, దీర్ఘమా? సరిగ్గా చెప్పమ్మా.’’

సాయవ్వ బిత్తరపోయింది. మాట చెప్పింది. ఇంకా ఏం చెప్పాలి? కొమ్ము ఎద్దుకు ఉంటుంది. దీర్ఘం ఏమిటో ఆమెకు తెలియదు. ఆమె చుట్టూ చూసింది. ఓదెలుకు అక్షరాలు వచ్చు. ఓదెలు కళ్లు తెరవలేదు.

అప్పుడు ఆమెకు తోచింది. ఆ మాట సరిగ్గా రాసి ఉన్న చోటు ఒకటి ఉంది.

గంజి అంటిన వేలు ఎత్తి, ఎస్సై భుజం మీదుగా, సున్నం కింద నుంచి కనిపిస్తున్న ఎర్ర అక్షరాలను చూపించింది.

‘‘గట్ల రాయి సారూ. గక్కడున్నట్టు.’’

ఎస్సై నడిచి పోయి ఆమె కోసం జీపు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.